గ్యాస్ గీజరు: మూసిన గదిలో ముప్పు

ఆదిలాబాద్‌లో చలికాలం ఉష్ణోగ్రత 10 డిగ్రీల దిగువకు పడిపోవడం కొత్త కాదు. కొత్తదల్లా నీళ్లు కాగే చోటు. పూర్వం పెరట్లో రాగి బాయిలరు ఉండేది. నడిమి గొట్టంలో పత్తి కట్టె వేసి ముట్టిస్తే పొగ పైకి పోయేది. కళ్లు మండేవే గాని ప్రాణాల మీదికి వచ్చేది కాదు. ఇప్పుడు ఆ మంట గ్యాస్ గీజరు రూపంలో స్నానాల గదిలోకి చేరింది. గది ఇరుకు. చలిగాలి వస్తుందని ఉన్న ఒక్క వెంటిలేటరుకూ అట్టముక్క అడ్డం!

గ్యాసు మండటానికి ప్రాణవాయువు కావాలి. అది చాలనప్పుడు కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. సిలిండరు లీకైతే ముక్కు పసిగడుతుంది. దీనికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం. స్నానం చేసే మనిషి అది నీళ్ల వేడి వల్లనేననుకుంటాడు. సంగతి బోధపడేసరికి గడియ తీసే సత్తువ ఉండదు.

ఉపాయం ఖరీదైనదేమీ కాదు. గీజరును ఆరుబయటి గోడకు బిగించి, నీళ్ల గొట్టాన్ని మాత్రమే లోపలికి తేవచ్చు. అంతవరకు తలుపు బార్లా తెరిచి బకెట్లు నింపుకుని, గీజరు కట్టేసిన తరువాతనే స్నానానికి వెళ్లడం మేలు. బిగించే మేస్త్రీ మాత్రం నల్లా ఎక్కడ దగ్గరైతే అక్కడే బిగిస్తాడు. అద్దె ఇళ్లలో మరొక చిక్కు ఉన్నది. గీజరు బయటికి పోవాలంటే గోడకు కన్నం పెట్టాలి, దానికి ఇంటి యజమాని ఒప్పుకోవాలి.