తలూపితే అర్థమైనట్టేనా?

నల్లమాడ దగ్గర పల్లెలో మాకు వదిన వరసయ్యే ఆమెను బస్సెక్కించి ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. మరిది కూడా వెంట వచ్చాడు. డాక్టరు కనురెప్ప లాగి చూసి, "రక్తం తక్కువ. ఈ మాత్రలు మూడు నెలలు మింగు. అర్థమైందా?" అన్నారు. ఆమె తలూపింది. పరీక్ష ముగిసింది.

పది రోజులకు ఆ మాత్రలు దిబ్బలో ఉన్నాయి. "దొడ్డికి నల్లగా అయితాంది పాపా, పేగులు కుళ్ళినాయేమో" అంది వదిన. ఇనుము మాత్రలకు మలం నల్లబడడం మామూలే. ఆ ఒక్క మాట చెప్పడానికి ఎంతసేపు పడుతుంది?

మళ్ళీ వెళితే డాక్టరు నాతో, "వీళ్ళు చెప్పిన మాట వినరండీ" అన్నారు. చదువుకున్న నాకు 'అండీ', ఆమెకు 'మింగు'! ఆయన లెక్కలో తాను చెప్పారు, ఆమె ఒప్పుకుంది. ఆమె లెక్కలో, కసురుతారని భయపడి తలూపింది. నెలనెలా పది రోజులు ముట్టు పోతోందన్న సంగతి చెప్పనేలేదు. తలుపు తెరిచి ఉండగా, మరిది పక్కనుండగా ఎలా చెబుతుంది? రక్తం ఎందుకు తగ్గిందో ఆయనా అడగలేదు.

రోగులు ఎక్కువ, సమయం తక్కువ అంటారు. నిజమే. 2017లో వెలువడిన ఒక అంతర్జాతీయ పరిశీలన ప్రకారం డాక్టరు రోగికిచ్చే సగటు సమయం స్వీడన్‌లో ఇరవై రెండున్నర నిమిషాలు, మన దేశంలో సుమారు రెండు నిమిషాలు. డాక్టర్లను పెంచమని పోరాడవలసిందే. కానీ తలుపు మూయడానికి, మరిదిని బయట కూర్చోమనడానికి ఏ కొరత అడ్డం?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత. వీళ్ళంతా మాట విననివాళ్ళేనా?

2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ రూపొందించిన రోగుల హక్కుల పత్రంలో మొట్టమొదటిది సమాచారం పొందే హక్కు. 2023లో రాష్ట్ర ప్రభుత్వం ఫ్యామిలీ డాక్టర్ పథకం పేరుతో డాక్టర్లను పల్లెలకు పంపడం మొదలుపెట్టింది. డాక్టరు ఊరికొస్తే చాలదు, రోగి మాట డాక్టరు చెవికి చేరాలి.

"అర్థమైందా?" అని అడగడం మానండి. "మాత్రలు ఎట్లా వేసుకుంటారో మీరు చెప్పండమ్మా" అని అడగండి. అక్కలారా, అర్థం కాకుండా మనమూ తలూపవద్దు. మళ్ళీ చెప్పమని అడగడం మర్యాద తప్పడం కాదు, మన హక్కు.