ఆపత్కాలమున విద్యార్థికి చేయూత

విద్యార్థి కళాశాలను విడిచిపెట్టుటకు కారణమేమని యడిగినచో ఫీజు కట్టలేకపోవుటయే యని సామాన్యముగా జెప్పుదురు. అది కొంతవరకు నిజమే. కాని ఫీజు ఎప్పుడు కట్టవలెనో, ఎంత కట్టవలెనో ముందుగానే తెలిసియుండును. తలిదండ్రులు పొలము కుదువబెట్టియో, నగ లమ్మియో, దాతల నాశ్రయించియో దానిని సమకూర్తురు. ముందుగా తెలియక, ఒక్క వారములోనే తీర్పవలసిన చిన్న యక్కర వచ్చినప్పుడే బీద విద్యార్థి నిలువలేకపోవుచున్నాడు. గది యద్దె, రెండు పూటల భోజనము, ఇంటికి జేరుటకు దారిఖర్చు, వైద్యుడు వ్రాసిన మందులు, ఇవి కలిగినవారికి లెక్కలోనివి కావు. లేనివానికి ఇవియే చదువునకు అడ్డుగోడ లగుచున్నవి.

ఇట్టి సమయమున జేయు సహాయమును గూర్చి మా యభిప్రాయము నాలుగు మాటలలో జెప్పెదము. అది శీఘ్రముగా నీయవలెను; విద్యార్థి చేతికే యీయవలెను; అప్పుగా గాక ఈవిగా నీయవలెను; పరదేశి యని యెవనిని త్రోసివేయరాదు. 2020వ సంవత్సరము మొదలుకొని అమెరికా సంయుక్త రాష్ట్రములలో జరిగిన యొక గొప్ప ప్రయత్నము ఈ నాలుగింటిని రూఢిపరచినది. కొన్నిటిని చక్కగా జరిపియు, ఒకదానిని మొదట మీరియు రూఢిపరచినది. ఆ వృత్తాంతమును పాఠకుల యెదుట నుంచి, మన పాఠశాల దానినుండి నేర్చుకొనదగిన దేమో చెప్పుట యీ వ్యాసము యొక్క యుద్దేశము.

2020 మార్చి నెలలో కరోనా వ్యాధి ఆ దేశమున వ్యాపింపగా, అచ్చటి కళాశాలలును విశ్వవిద్యాలయములును తరగతి గదులను మూసి, బోధనను కంప్యూటరు ద్వారా సాగింప నారంభించినవి. పెక్కుచోట్ల వసతిగృహములలోని వారిని కొలది దినములలోనే ఖాళీ చేయుమనిరి. ఇల్లు దగ్గరనున్నవారు వెళ్లిరి. ఇల్లే లేనివారును, సముద్రమున కావల ఇల్లు గలవారును ఎక్కడికి పోగలరు? గ్రంథాలయములోను భోజనశాలలోను కొన్ని గంటలు పనిచేసి పొట్టపోసికొనుచుండిన వారికి ఆ పనులు పోయినవి. కంప్యూటరుగాని ఇంటర్నెట్టుగాని లేనివారికి పాఠము వినుటయే దుర్లభమైనది. బిడ్డలను బడికి బంపి తాము కళాశాలకు బోవుచుండిన తల్లులు, బడులు మూయబడుటచేత బిడ్డలను జూచువారు లేక చదువు మానుకొను స్థితికి వచ్చిరి.

ఆ మార్చి 27వ తేదీననే ‘కేర్స్ చట్టము’ అను శాసనము అమలులోనికి వచ్చెను. అందు ఉన్నత విద్యకొరకు సుమారు 1,400 కోట్ల డాలర్లు ప్రత్యేకింపబడెను. దానిలో పెద్దభాగము, అనగా 1,250 కోట్లకు పైబడిన మొత్తము, కళాశాలలకు ఒక లెక్క ప్రకారము పంచబడినది. ఆ లెక్కలో నూటికి 75 వంతులు పేద విద్యార్థుల సంఖ్యనుబట్టియు, 25 వంతులు తక్కినవారి సంఖ్యనుబట్టియు నుండెను. ఆ దేశమున పెల్ గ్రాంటు అను ప్రభుత్వ సహాయవేతనము పొందువారినే ఇచ్చట పేద విద్యార్థులుగా నెంచిరి. ఇట్లు వచ్చిన సొమ్ములో సగమునకు తక్కువగాకుండ ప్రతి కళాశాలయు తన విద్యార్థులకే అత్యవసర సహాయముగా నీయవలెనని శాసనము నిర్బంధించెను. ఆహారము, వసతి, పుస్తకములు, కంప్యూటరు మొదలగు సాధనములు, వైద్యము, బిడ్డల సంరక్షణ, ఇవన్నియు ఆ సహాయము చేరదగిన యక్కరలుగా జెప్పబడెను. తరువాత 2020 డిసెంబరు 27వ తేదీన సుమారు 2,270 కోట్ల డాలర్లును, 2021 మార్చి 11వ తేదీన సుమారు 3,960 కోట్ల డాలర్లును వేరు శాసనములచేత ఈ నిధికి జేర్పబడినవి. మూడు విడతలును గలిపి 7,600 కోట్ల డాలర్లకు మించినది. ఆ నిధి ఇప్పుడు ముగిసినది; అది నేర్పిన పాఠము మాత్రము నిలిచియున్నది.

ఇందు మెచ్చదగిన సంగతులు మూడు గలవు. మొదటిది, ఈ సొమ్ము అప్పు కాదు. తిరిగి చెల్లింప నక్కర లేదు. ఆదాయముగా నెంచి దానిపై పన్ను వేయలేదు. ఆ దేశపు విద్యార్థులలో పెక్కుమంది అదివరకే ఋణభారముచేత క్రుంగినవారు. మునుగుచున్నవాని మెడకు మరియొక రాయి కట్టుట సహాయము కానేరదు. రెండవది, ఇది విద్యార్థి చేతికి జేరినది. విద్యార్థి కళాశాలకు బాకీ పడియున్నను, అతని సమ్మతి లేక ఈ సొమ్మును ఆ బాకీక్రింద జమకట్టుకొనరాదని నియమ మేర్పడెను. ఈ నియమము లేనిచో కుడిచేత నిచ్చి యెడమచేత దీసికొనినట్లయ్యెడిది. మూడవది, అక్కర మిక్కిలి గలవారికి ముందుగా నీయవలెనని రెండవ శాసనము స్పష్టముగా విధించినది.

చేతికి రొక్కమిచ్చినచో దుర్వ్యయ మగును గదా యని కొందరు పెద్దలు శంకింపవచ్చును. యౌవనస్థుల సంగతి మాకును గొంత తెలియును. అయినను అద్దె చెల్లింపవలసినవాడు దేనికి వ్యయపరచవలెనో యెరుగును. దూరమున నున్న మనము, అతని కేది ముందు కావలెనో అతనికంటె నెక్కువగా నెరుగము. ఒకనికి పుస్తకము కావలెను, ఒకనికి మందు కావలెను, ఒకతెకు బిడ్డకు పాలు కావలెను. అందరికిని ఒకే వస్తువు కొనియిచ్చినచో కొందరికే యది యుపయోగపడును. ఒకడిద్దరు దుర్వినియోగము చేయుదురేమో యను భయముచేత నూర్గురిని పస్తులుంచుట న్యాయము కాదు.

అయితే ఎవరికి ఎంత యీయవలెనను నిర్ణయము కళాశాలలకు వదలబడినందున పద్ధతులు పలువిధములైనవి. కొన్ని కళాశాలలు అర్హులందరికి సమానముగా బంచినవి. కొన్ని, అక్కర వివరించి వ్రాసికొనుమని దరఖాస్తు లడిగినవి. ఒక్కొక్కరికి 6,195 డాలర్లకు మించకుండుట మంచిదని ప్రభుత్వ విద్యాశాఖ మొదట సలహా యిచ్చెను; అది ఆ యేటి పెల్ గ్రాంటు యొక్క గరిష్ఠ పరిమాణము. సమానముగా బంచుట సులభము. కాని కలిగినవానికిని లేనివానికిని ఒకే కొలత యగును. దీర్ఘమైన దరఖాస్తు లడుగుట న్యాయముగా గనబడును; కాని నిజముగా చితికినవాడు తన దైన్యమును పుటలకొలది వ్రాయ సిగ్గుపడి యూరకుండును, మాటకారి ముందుగా బొందును. పేదవారని యదివరకే తెలిసినవారికి అడుగకయే కొంత పంపి, వ్యాధివలన క్రొత్తగా బీదలైనవారిని నాలుగు పంక్తులలో వ్రాసికొనుమనుట మేలైన మార్గమని మా నమ్మకము. నిన్నటివరకు జీతము తెచ్చిన తండ్రి నేడు పనిలేక కూర్చున్నప్పుడు పాతపట్టికలో ఆ బిడ్డ పేరుండదు.

ఇక లోపమును జెప్పవలెను. ఇది మన తెలుగువారికి మిక్కిలి సంబంధించినది. 2020 ఏప్రిలులో ఆ విద్యాశాఖ, కేంద్ర ప్రభుత్వ విద్యాసహాయమునకు అర్హులైనవారికే ఈ సొమ్ము చెందునని చెప్పెను. శాసనములో ఈ సహాయమునకు అట్టి మాట లేదు. దీనిచేత విదేశీ విద్యార్థులును, పసితనమున ఆ దేశమునకు గొనిపోబడి పౌరసత్వము లేక పెరిగిన యువజనులును వెలుపల నిలువబడిరి. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములనుండి పైచదువులకు వెళ్లిన మన బిడ్డలును ఆ విదేశీయులలోని వారే. చదువు జరుగు దినములలో వారు వారమునకు 20 గంటలు మించక, సామాన్యముగా కళాశాల యావరణములోనే పనిచేయవలెనని చట్టము. ఆవరణము మూయబడగా ఆ సంపాదనయు బోయెను. తిరిగి వత్తమన్నను, 2020 మార్చి 22వ తేదీనుండి మన దేశమునకు పరదేశ ప్రయాణ విమానములు నిలిచిపోయెను; మే 7వ తేదీనుండి ప్రత్యేక విమానములు వచ్చువరకు దారి లేదు. ఇచ్చట తలిదండ్రులు అప్పుచేసి పంపినవారే. వారికిని ఆ నెలలలో రాబడి లేదు.

తమ ప్రజల పన్నుల సొమ్మును ముందుగా తమవారికే యిచ్చుకొనుట దోషమా యని యడుగవచ్చును. ఈ ప్రశ్నను తేలికగా ద్రోసివేయరాదు. ఇంట బిడ్డ లేడ్చుచుండగా వీధివారికి బెట్టు మని యెవరును జెప్పరు. కాని ఆ విద్యార్థులు వీధివారు కారు. ఆ కళాశాలలే వారిని బిలిచి చేర్చుకొనినవి. వారి ఫీజులు తీసికొనినవి. తమ వసతిగృహములలో నుంచినవి. ఒకే బల్లయొద్ద కూర్చుండి చదివిన యిద్దరిలో ఒకనికి బెట్టి, రెండవవాని పుట్టినయూ రడుగుట ఉపాధ్యాయుల మనస్సున కెట్లు సమ్మతమగును? 2020 జూన్‌లో కాలిఫోర్నియా కమ్యూనిటీ కళాశాలల విషయమునను, వాషింగ్టన్ రాష్ట్ర విషయమునను న్యాయస్థానములు ఆ నిర్బంధమును తాత్కాలికముగా నాపినవి. 2021 మే నెలలో విద్యాశాఖయే తన నియమమును మార్చి, విదేశీ విద్యార్థులతో సహా అందరును ఈ సహాయమును బొందవచ్చునని ప్రకటించెను. మంచిదే, కాని ఆకలి పదునాలుగు నెలలు కాచుకొనియుండదు.

మన ప్రభువు చెప్పిన మంచి సమరయుని ఉపమానమును బిడ్డలందరు ఎరుగుదురు. దారిలో బడియున్నవాని జాతి యేదో అతడు విచారింపలేదు. గాయములు కట్టి, పూటకూళ్లవాని యింటికి జేర్చి, మరునాడు రెండు దేనారములు ఆ యింటివాని చేతికిచ్చి, తక్కినది తిరిగి వచ్చునప్పుడు తీర్చెదననెను. దాత దూరమున నున్నప్పుడు దగ్గరనుండి చూచువాడొకడు కావలెను. విద్యార్థుల విషయమున కళాశాల యట్టి పూటకూళ్లవాడు. అతడు నమ్మకస్థుడు కావలెను, వేగిరపడువాడు కావలెను.

మన దేశమునందును ఇట్టి దృష్టాంతము గలదు. 1876–78 సంవత్సరముల గొప్ప కరవులో ఒంగోలునందుండిన అమెరికా బాప్టిస్టు మిషనెరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో సుమారు మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు తీసికొని, ఆకలిగొన్నవారికి పనియు కూలియు గల్పించిరి. కూడుకొరకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై ఆ కరవుకాలమున బాప్తిస్మము లిచ్చుట నాపిరి. సహాయము పొందువాని గౌరవమును గాపాడుట యనగా ఇదియే.

కావున మా పాఠశాల పెద్దలకును, తలిదండ్రులకును, పూర్వవిద్యార్థులకును ఒక విన్నపము చేయుచున్నాము. మన బడినుండి ప్రతియేట బిడ్డలు కళాశాలలకు బోవుచున్నారు. వారి నడుమదారిలో కష్టము వచ్చినచో నాదుకొనుటకు ఒక చిన్న ఆపన్నిధిని ఇప్పుడే, కష్టము లేని దినములలోనే, ఏర్పరుపవలెను. ఇల్లు కాలునప్పుడు బావి త్రవ్వలేము గదా. కోట్లు అక్కరలేదు, ఒక నెల యద్దెయు, ఒక నెల భోజనమును పదిమందికి సరిపోయినచో ఆరంభమునకు జాలును. వ్రాసికొనినవానికి వారము దినములలో జవాబును సహాయమును జేరవలెను. పొందినవారి పేర్లు సభలో చదువరాదు, ఈ పత్రికలోను ముద్రింపరాదు. కులమును మతమును అడుగరాదు. తిరిగి యీయవలెనని కట్టడి యుండరాదు. బాగుపడినవాడు తనంత తానే మరియొకని కొరకు వేయును, వేయకున్నను దోషము లేదు. లెక్కలు మాత్రము ఏటేట తలిదండ్రుల యెదుట నుంచవలెను.

ప్రియవిద్యార్థులారా, మీలో నొకడు రేపు దూరదేశమున ఒంటిగదిలో చేతిలో కాసులేక కూర్చుండవచ్చును. మరియొకడు ఏ కళాశాలకో అధికారియై, సహాయము పంచు బల్లయొద్ద కూర్చుండవచ్చును. మొదటివాడు అడుగుటకు సిగ్గుపడకుండును గాక. రెండవవాడు పెట్టుటకు ముందు ఊరు పేరు లడుగకుండును గాక.