గుండెకు మంచిదట!

మన భాషలో 'మందు' అన్న మాటకు రెండర్థాలున్నాయి. వైద్యుడు రాసి ఇచ్చేది ఒకటి, సీసాల్లో అమ్మేది రెండవది. జలుబుకు చెంచాడు బ్రాందీ అనే పాత చిట్కా సంగతి అలా ఉంచితే, మన పెద్దలు ఈ రెంటినీ కలగాపులగం చేయలేదు. ఆ పని వైన్ చేసింది. విస్కీ తాగే మనిషి తాను తాగుతున్నానని ఒప్పుకుంటాడు. వైన్ తాగే మనిషి ఆరోగ్యం కాపాడుకుంటున్నానంటాడు. నా తగవంతా ఆ మాటతోనే.

ఇటీవలి కాలంలో హైదరాబాదు, విశాఖపట్నాల అపార్టుమెంట్లలోనూ, అమెరికాలోని మనవారి ఇళ్ళలోనూ ఒక కొత్త వేడుక మొదలైంది. శనివారం రాత్రి మూడు నాలుగు జంటలు కలుస్తాయి. నాసిక్ సీసా ఒకరు తెస్తారు, విమానాశ్రయంలో కొన్న ఫ్రెంచి సీసా మరొకరు. గ్లాసు వాల్చి రంగు చూస్తారు, తిప్పి వాసన పీలుస్తారు, ఒక గుక్క నోట నిలిపి అభిప్రాయాలు చెప్పుకుంటారు. నేరేడు పండు వాసనంటారు ఒకరు, మిరియాల ఘాటంటారు ఇంకొకరు. ఇందులో వెక్కిరించవలసినదేమీ లేదు. షడ్రుచులలో వగరుకు చోటిచ్చినవాళ్ళం మనం. ఎర్ర వైన్‌లోని వగరు ద్రాక్ష తొక్కల నుంచీ గింజల నుంచీ దిగే టానిన్ల వల్ల వస్తుంది. అవి లాలాజలంలోని ప్రోటీన్లతో కలిసి నోటిని పట్టేస్తాయి. పచ్చి జామకాయ కొరికినవారికి ఈ అనుభవం కొత్తది కాదు.

గ్లాసు గోడల వెంట జారే ధారలను చూసి 'మంచి సరుకు' అని తలూపేవారికి మాత్రం ఒక మాట. ఆల్కహాలు ఆవిరయ్యేటప్పుడు తలతన్యతలో వచ్చే తేడా వల్ల ఆ ధారలు ఏర్పడతాయి. వాటికీ నాణ్యతకూ సంబంధం లేదు. రుచి నిర్ణయంలో మన నాలుక మీద మనకున్న నమ్మకం కూడా కొంచెం ఎక్కువే. 2001లో ప్రచురితమైన ఒక ఫ్రెంచి ప్రయోగంలో, బోర్డోలో వైన్ శాస్త్రం చదువుతున్న 54 మందికి తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వారు దానిని ఎర్ర వైన్‌కు వాడే మాటలతోనే వర్ణించారు. రంగు మారితే ముక్కు మోసపోతుంది. అయినా ఇది రుచికి సంబంధించిన సరదా. ఎవరి అభిప్రాయం వారిది.

సరదా అక్కడ ఆగదు. రెండవ గ్లాసు పోసేటప్పుడు ఎవరో ఒకరు తప్పక అంటారు: 'గుండెకు మంచిదట!' ఆ 'ట' చూడండి. ఎవరు చెప్పారో తెలియదు, ఎవరికీ బాధ్యత లేదు. అంతవరకు మొహమాటపడుతున్న ఇల్లాలి చేతికీ, రక్తపోటు మాత్రలు వేసుకుంటున్న మామగారి చేతికీ గ్లాసు అందేది ఆ ఒక్క అక్షరం బలంతోనే. ఆ అక్షరానికి తెల్లకోటు తొడిగినవారిలో మా వృత్తివారూ ఉన్నారని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

దాని పుట్టుక తెలిసినదే. ఫ్రెంచివారు వెన్న, జున్ను దండిగా తింటారు, అయినా వారిలో గుండెజబ్బు మరణాలు తక్కువ. దీనికి కారణం వైన్ కావచ్చునని 1991లో అమెరికాలోని సీబీఎస్ టెలివిజన్ ఒక కార్యక్రమం ప్రసారం చేసింది. మరుసటి సంవత్సరం సెర్జ్ రెనో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ వాదాన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. ఆ తరువాత ఎన్నో పరిశీలనలు, కొద్దిగా తాగేవారు అసలు తాగనివారి కంటే ఆరోగ్యంగా ఉన్నారని చెప్పాయి. ఈ 'తాగనివారు' ఎవరు? ఒంట్లో బాగుండక మానేసినవారు కూడా ఆ జాబితాలోనే ఉన్నారు. బ్రిటన్‌కు చెందిన షేపర్ 1988లోనే ఈ లోపాన్ని ఎత్తి చూపాడు. పైగా భోజనంతో ఒక గ్లాసు వైన్ తాగేవారు సాధారణంగా డబ్బున్నవారు, చదువుకున్నవారు, నడకకు వెళ్ళేవారు, కూరగాయలు తినేవారు. వారి గుండె బాగుంటే ఘనత సీసాకు ఇచ్చారు! 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం వేరే దారి పట్టింది. పుట్టుకతోనే ఒక జన్యుభేదం వల్ల తక్కువ తాగేవారిని లెక్కలోకి తీసుకుంది. వారిలోనే గుండెజబ్బు తక్కువగా కనిపించింది.

ఇక రెస్వెరట్రాల్. ఎర్ర వైన్‌లోని ఈ పదార్థం ఆయుష్షు పెంచుతుందన్నారు. ఎలుకలకు ప్రయోగశాలలో ఇచ్చిన మోతాదు మనకు వైన్ ద్వారా అందాలంటే రోజూ సీసాలు కాదు, పీపాలు తాగాలి. లీటరు వైన్‌లో అది కొద్ది మిల్లీగ్రాములే. దీని మీద విస్తారంగా రాసిన దీపక్ దాస్ అనే పరిశోధకుడు లెక్కలు కల్పించాడని, అటువంటి ఉదంతాలు 145 ఉన్నాయని, 2012లో ఆయన పనిచేసిన కనెక్టికట్ విశ్వవిద్యాలయమే ప్రకటించింది. ఆ పదార్థమే కావాలంటే అనంతపురం వేరుశనగ గింజల ఎర్రపొట్టులోనూ కాస్త ఉంది. దాని కోసం ఎవరూ గ్లాసులు కొట్టుకోరు.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. 13 శాతం ఆల్కహాలున్న వైన్ 150 మి.లీ. పోస్తే అందులో శుద్ధమైన ఆల్కహాలు సుమారు 15 గ్రాములు. మన దేశపు విస్కీ స్మాల్ పెగ్గులో, అంటే 30 మి.లీ.లో, సుమారు 10 గ్రాములు. ఒక గ్లాసు వైన్ ఒకటిన్నర పెగ్గు విస్కీ అన్నమాట. మీ ఇంట్లో ఆ పెద్ద కడుపు గ్లాసును సగం దాకా నింపితే 250 మి.లీ. పట్టవచ్చు, అప్పుడది రెండున్నర పెగ్గులు. నాలుగు జంటలు కలిసి నాలుగు సీసాలు ముగిస్తే తలా సగం సీసా, దాదాపు నాలుగు పెగ్గులు. విస్కీ నాలుగు పెగ్గులు తాగిన ఇల్లాలిని చూసి ఆ గదిలో ఎంత గగ్గోలు పుట్టేదో ఊహించండి. స్త్రీల శరీరంలో నీటిపాలు తక్కువ గనుక అదే మోతాదుకు వారి రక్తంలో ఆల్కహాలు ఇంకా ఎక్కువగా చేరుతుంది. వృత్తిరీత్యా రుచి చూసేవారు గుక్క నోట తిప్పి ఉమ్మివేస్తారు. మన ఇళ్ళలో ఉమ్మే గిన్నె నేనెక్కడా చూడలేదు. విందు ముగిశాక కారు నడిపేవారికి చట్టం విధించిన హద్దు 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు. విస్కీ నుంచి వచ్చిందా, వైన్ నుంచి వచ్చిందా అని పోలీసు యంత్రం అడగదు.

కాలేయమూ అడగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 1988లోనే మద్య పానీయాలన్నిటినీ, వైన్‌తో సహా, క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయం, పెద్దపేగు, రొమ్ము. రొమ్ము క్యాన్సర్ విషయంలో రోజుకు ఒక గ్లాసు కూడా ప్రమాదాన్ని కొంత పెంచుతుంది. ఫలానా మోతాదు వరకు నిరపాయమని చెప్పడానికి వీలులేదని 2023 జనవరిలో ఆ సంస్థ స్పష్టం చేసింది. ద్రాక్షారిష్టం సంగతేమిటని అడిగేవారికి జవాబు: దానిని చెంచాలతో కొలిచి తాగుతారు, గ్లాసులతో కాదు. చరకసంహితలో మదాత్యయ చికిత్సకు ఒక అధ్యాయమే ఉంది.

రుచి కోసం తాగుతున్నానంటే మీతో నాకు పేచీ లేదు. అది మీ ఇష్టం, మీ లెక్క. మందుగా తాగుతున్నానంటేనే పేచీ. మన ఊళ్ళలో 'వైన్స్' అని బోర్డు పెట్టి లోపల అమ్మేది ఎక్కువగా విస్కీ, బ్రాందీలే. ఇళ్ళలో వ్యవహారం తలకిందులు: 'మద్యం తీసుకుంటారా' అని వైద్యుడు అడిగితే, వారానికి మూడు సీసాలు ముగించేవారు కూడా 'లేదండీ, అప్పుడప్పుడూ వైన్ మాత్రమే' అంటారు. ఆ 'మాత్రమే' వల్ల ప్రాణం మీదికి వస్తుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ వాడేవారు సరిగా తినకుండా తాగితే చక్కెర పడిపోతుంది. చెమటలు, తడబాటు చూసి పక్కవారు మత్తనుకుని పడుకోబెడతారు. నిద్రమాత్రలతో కలిస్తే ఊపిరి మందగించవచ్చు. వార్ఫరిన్ వాడేవారిలో రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. రోజూ తాగే అలవాటున్నవారు ఆపరేషను కోసం ఆసుపత్రిలో చేరి హఠాత్తుగా మానితే రెండు మూడు రోజుల్లో వణుకు, భ్రాంతి, మూర్ఛ రావచ్చు. అక్కడి వైద్యుడికి అసలు సంగతి తెలియకపోతే కారణం వెతుకుతూ కూర్చుంటాడు. అందుచేత అడిగినప్పుడు వారానికి ఎన్ని గ్లాసులో, గ్లాసు ఎంతదో చెప్పండి. కొలత తెలియకపోతే మీరు ఎప్పుడూ పోసుకునేంత వరకు ఆ గ్లాసులో నీళ్ళు పోసి, పిల్లల సిరప్పుతో వచ్చే కొలత మూతతో కొలవండి.