వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడు: హాస్టల్ లెక్క

చెంచుల కోసం పెట్టిన ఐటీడీఏ ఆఫీసు ఉన్నది మన సున్నిపెంటలోనే. నల్లమల చలి ఎట్లుంటదో అందరికీ తెలుసు. అయినా హాస్టల్ పిల్లలకు వేణ్ణీళ్లంటే "అంతమందికి ఎట్ల కాచేది?" అంటారు.

లెక్క చూద్దాం. చన్నీళ్లు 20 డిగ్రీలు, మరిగే నీళ్లు 100 డిగ్రీలు అనుకోండి. మూడు చెంబుల చన్నీళ్లకు ఒక చెంబు మరిగే నీళ్లు కలిపితే సుమారు 40 డిగ్రీలు. స్నానానికి అది చాలు. అంటే 80 మందికి తలా ఒక బకెట్ ఇవ్వాలంటే మరగబెట్టాల్సింది 20 బకెట్లే. కట్టెలు, గ్యాస్ ఏమీ మిగలవు, పట్టే వేడి అంతే. కానీ నాలుగో వంతు గిన్నెలు చాలు. సోలార్ హీటర్ 60 డిగ్రీల నీళ్లిస్తే సగం సగం కలపొచ్చు.

ఒక్క జాగ్రత్త: బకెట్లో ముందు చన్నీళ్లు, తర్వాతే వేణ్ణీళ్లు. 60 డిగ్రీల నీళ్లు పడినా కొన్ని సెకన్లలోనే చర్మం కాలుతుంది. అందుకే కలిపే పని పెద్దవాళ్లదే, పిల్లలతో మోయించొద్దు. బాగా కలియబెట్టి, చేత్తో చూసి ఇవ్వాలి.

కాబట్టి ఈసారి వినతిపత్రంలో "వేణ్ణీళ్లు కావాలి" అని మాత్రమే రాయకండి. ఎంతమంది, ఎన్ని బకెట్లు, ఎన్ని గిన్నెలు, కలపడానికి ఎవరు, అన్నీ రాయండి. లెక్కతో అడిగినోళ్లకు కాదని చెప్పడం కష్టం.