తను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు!

అట్లాంటాలోని స్టేట్ ఫార్మ్ అరీనా. 2020 నవంబరు. అమెరికా అధ్యక్ష ఎన్నికల ఓట్లు లెక్కిస్తున్నారు. ఆ సిబ్బందిలో ఓ తల్లీకూతుళ్లున్నారు. కూతురిది ఎన్నికల ఆఫీసులోనే ఉద్యోగం. సాయానికి మనుషులు కావాలంటే తల్లి కూడా తాత్కాలికంగా వచ్చి చేరింది. పని మధ్యలో ఆ తల్లి కూతురి చేతిలో ఏదో పెట్టింది. చప్పరించడానికి అల్లం బిళ్ల!

ఆ దృశ్యం కెమెరాకు చిక్కింది. దాన్ని చూసి డొనాల్డ్ ట్రంప్ లాయరు రూడీ జులియానీ ఏమన్నారో తెలుసా? వాళ్లు పెన్‌డ్రైవులు చేతులు మార్చుకుంటున్నారట! మాదకద్రవ్యాలు అందించుకున్నట్టుగా అందించుకున్నారని పోలిక కూడా తెచ్చారు. ఆయనేమైనా అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పే మనిషా? ఒకప్పటి న్యూయార్క్ మేయరు. పెద్దమనిషి నోట వచ్చిన మాట కదా, క్షణాల్లో దేశమంతా పాకింది. ఇక బెదిరింపులు మొదలయ్యాయి. ఎఫ్‌బీఐ సలహా మీద ఆ తల్లి దాదాపు రెండు నెలలు ఇల్లు విడిచి ఉండాల్సి వచ్చింది. తన పేరున్న టీషర్టు వేసుకోవడం కూడా మానేసింది. కూతురు ఉద్యోగం వదిలేసింది. చివరికి దర్యాప్తులో తేలిందేమిటి? వాళ్లు ఏ తప్పూ చేయలేదని. పరువు నష్టం కేసులో జులియానీ 14.8 కోట్ల డాలర్లు చెల్లించాలని 2023 డిసెంబరులో జ్యూరీ తేల్చింది.

అసలు ఆ ఓట్ల సంగతేమిటో చూద్దాం. మన దగ్గరలా దేశం మొత్తానికి ఎన్నికలు నిర్వహించే సంఘం అమెరికాలో లేదు. ఏ రాష్ట్రం ఎన్నికలు ఆ రాష్ట్రానివే. వాటి బాధ్యత చూసే అధికారి కూడా చాలాచోట్ల పార్టీ టికెట్ మీద గెలిచినవారే. జార్జియాలో అప్పుడు ఆ పదవిలో ఉన్నది బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్. రిపబ్లికన్. ఓటేసింది ట్రంప్‌కే. వృత్తి ఇంజినీరింగ్. రాజకీయాల్లో తొలి మెట్టు జాన్స్ క్రీక్ సిటీ కౌన్సిల్. ఆల్ఫరెట్టా, కమ్మింగ్‌లలాగే మన తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ ఊరది.

ఈ ఇంజినీరుగారు ఓట్లను మూడుసార్లు లెక్కపెట్టించారు. మొదట మిషన్ల మీద. తర్వాత దాదాపు 50 లక్షల బ్యాలెట్లనూ ఒక్కొక్కటిగా చేత్తో. ఆ తర్వాత మళ్లీ మిషన్ల మీద. ఫ్లాయిడ్ వంటి కొన్ని కౌంటీల్లో లెక్కలోకి రాని ఓట్లు బయటపడి బైడెన్ ఆధిక్యం కాస్త తగ్గింది. గెలుపు మాత్రం మారలేదు. చివరికి తేలిన తేడా 11,779.

2021 జనవరి 2న ట్రంప్ ఆయనకు ఫోన్ చేశారు. దాదాపు గంటసేపు మాట్లాడారు. సారాంశం ఒక్కటే... తనకు కావలసింది 11,780 ఓట్లు, వాటిని వెతికిపెట్టమని! ఆ సంభాషణలోనే అల్లం బిళ్ల ఇచ్చిన తల్లి పేరు 18 సార్లు ఎత్తారు. మీ దగ్గరున్న సమాచారం తప్పండీ అని రాఫెన్స్‌పర్గర్ వినయంగానే చెప్పారు. వింటేగా!

అరిజోనా కథ ఇంకా విచిత్రం. అక్కడ రిపబ్లికన్ల చేతిలో ఉన్న సెనేట్ మారికోపా కౌంటీ బ్యాలెట్లన్నీ తెప్పించి, 'సైబర్ నింజాస్' అనే కంపెనీకి అప్పగించింది. ఎన్నికల ఓట్లు తనిఖీ చేసిన అనుభవం ఆ కంపెనీకి లేదు. ఫీనిక్స్‌లో ఓ పాత స్టేడియంలో బల్లలు వేసి 21 లక్షల బ్యాలెట్లు ముందేసుకున్నారు. అతినీలలోహిత దీపాల కింద పెట్టి చూశారు. కాగితంలో వెదురు పీచు ఉందేమోనని కూడా వెతికారు. వెదురెందుకంటారా? ఆసియా నుంచి విమానంలో 40 వేల దొంగ ఓట్లు దిగాయని పుకారు. ఆసియా కాగితమైతే అందులో వెదురు ఉండాలి కదా! నెలల తరబడి ఇదే తంతు. 2021 సెప్టెంబరులో నివేదిక వచ్చింది. బైడెన్‌కు 99 ఓట్లు పెరిగాయి. ట్రంప్‌కు 261 తగ్గాయి. కొండను తవ్వి ఎలుకను పట్టారని మనవాళ్లంటారు. ఇక్కడ ఆ ఎలుక కూడా అవతలివాళ్లదే అయింది.

మరి నమ్మినవాళ్లు ఇకనైనా మనసు మార్చుకున్నారా? లేదు. 60కి పైగా కేసులు వేశారు, దాదాపు అన్నీ వీగిపోయాయి. కొట్టేసిన జడ్జీల్లో ట్రంప్ నియమించినవాళ్లూ ఉన్నారు. ఫలితాన్ని మార్చే స్థాయి రిగ్గింగ్ కనపడలేదని ట్రంప్ అటార్నీ జనరల్ విలియం బార్ స్వయంగా చెప్పారు. అయినా ఏళ్ల తర్వాత కూడా ఏ సర్వే చూసినా రిపబ్లికన్ ఓటర్లలో సగానికి పైగా 2020 గెలుపు సక్రమం కాదన్నవారే. లెక్క పెట్టిన ప్రతిసారీ కుందేలుకు నాలుగో కాలు కనపడింది. దాన్ని ఎవరో అతికించారన్నారు!

నమ్మినవాళ్ల సంగతి సరే, నమ్మించినవాళ్లు? అరిజోనా ప్రతినిధుల సభ స్పీకర్ రస్టీ బోవర్స్ 2022లో పార్లమెంటరీ కమిటీ ముందు ప్రమాణం చేసి ఓ మాట చెప్పారు. ఆధారాలేవని తాను అడిగితే, తమ దగ్గర సిద్ధాంతాలు బోలెడున్నాయని, సాక్ష్యాలే లేవని జులియానీ అన్నారట. బోవర్స్ కూడా రిపబ్లికనే. ఒత్తిడికి లొంగలేదు. ఆ ఏడాది ఆగస్టులో పార్టీ ఓటర్లే ఆయన్ను ఓడించి ఇంటికి పంపారు.

ఫాక్స్ న్యూస్ కథ మరోరకం. ఓటింగ్ మిషన్ల కంపెనీ డొమినియన్ వేసిన కేసులో యాంకర్ల సొంత మెసేజిలు కోర్టుకెక్కాయి. తెర వెనక ఆ ఆరోపణలను కొట్టిపారేస్తూ, తెర మీద వాటికే చోటిచ్చారు. ఎందుకు? అరిజోనా బైడెన్‌దేనని మొదట చెప్పిన పాపానికి ప్రేక్షకులు అలిగి వేరే చానల్‌కు వెళ్లిపోతున్నారు! 2023 ఏప్రిల్‌లో 78.75 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. చానల్ అబద్ధం చెప్పి జనాన్ని చెడగొట్టిందనడం సగం నిజమే. తమకు ఇష్టమైన అబద్ధం చెప్పకపోతే చానల్ మార్చేస్తామని రిమోట్ చూపించింది జనమే.

ఓటమి ఎవరికైనా చేదే. 1960లో నిక్సన్ లక్షకు కాస్త పైచిలుకు ఓట్ల తేడాతో ఓడారు. తర్వాత ఉపాధ్యక్షుడి హోదాలో కెనెడీ గెలుపును ఆయనే సభలో ప్రకటించారు. 2000లో అల్ గోర్‌ది ఇంకా కడుపుకోత. ఫ్లోరిడాలో తేడా కేవలం 537. రీకౌంటింగ్‌ను సుప్రీంకోర్టు ఆపేసింది. 2001 జనవరి 6న సొంత పార్టీ సభ్యులు లేచి అభ్యంతరాలు చెబుతుంటే, వాళ్లను కూర్చోబెట్టి బుష్ గెలుపును చదివిందీ గోరే. 2016 ఫలితాన్ని జీర్ణించుకోలేని డెమోక్రాట్లూ కొందరున్నారు. 2017 జనవరి 6న వాళ్లు లేస్తే, అయిపోయింది కూర్చోండన్నది బైడెనే.

2021లో అదే తేదీన ఆ కుర్చీలో మైక్ పెన్స్ ఉన్నారు. ఫలితాన్ని తిప్పేయమని ట్రంప్ ఒత్తిడి. బయట ఆయన్ను ఉరి తీయాలని అరుస్తున్న గుంపు. గుంపు లోపలికి జొరబడ్డాక కొన్ని గంటలు దాక్కుని, తిరిగొచ్చి, తెల్లవారుజామున లెక్క పూర్తి చేశారు. ఉపాధ్యక్షుడిది చదివి వినిపించే పని మాత్రమేనని 2022 డిసెంబరులో చట్టంలో స్పష్టంగా రాసుకున్నారు. అంతకుముందు అలా రాయాల్సిన అవసరం ఎవరికీ కనపడలేదు!

2024 నవంబరు 5. పోలింగ్ రోజు సాయంత్రం ఫిలడెల్ఫియాలో భారీ మోసం జరుగుతోందంటూ ట్రంప్ మళ్లీ పోస్టు పెట్టారు. రాత్రికి పెన్సిల్వేనియా ఆయన ఖాతాలో పడింది. ఆ మోసం ఊసు మళ్లీ లేదు. జార్జియాలో అవే డొమినియన్ మిషన్లు. ఈసారి దాదాపు 1,15,000 ఆధిక్యం ట్రంప్‌ది. కాగితంలో వెదురు కోసం ఎవరూ వెతకలేదు. కమలా హారిస్ మర్నాడే ఓటమి ఒప్పుకున్నారు. 2025 జనవరి 6న తన ఓటమిని తానే సభలో ప్రకటించారు. ఆ రోజు అభ్యంతరం చెప్పడానికి ఒక్కరూ లేవలేదు.

అది జరిగిన రెండు వారాలకు, పదవి చేపట్టిన రోజునే, 2021 దాడి కేసుల్లోని సుమారు 1500 మందికి ట్రంప్ క్షమాభిక్ష పెట్టారు. వాళ్లలో పోలీసులను కొట్టినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో పోలింగ్ బల్లల దగ్గర కూర్చునేవాళ్లలో ఎక్కువమంది రిటైరైన పెద్దవాళ్లు. ఇప్పుడు చాలా కౌంటీ ఎన్నికల ఆఫీసుల్లో బల్ల కింద అలారం మీటలు, కౌంటర్ ముందు బుల్లెట్‌ప్రూఫ్ అద్దాలు పెడుతున్నారు.