గణాంక పరిశోధనకు తొలగిన దూరం, తొలగని ధర

గణాంకశాస్త్ర పరిశోధన పత్రికలు అచ్చు కాగితాన్ని వీడి ఎలక్ట్రానిక్ రూపంలోకి మారే ప్రక్రియ మూడు దశాబ్దాల్లో దాదాపు పూర్తయింది. అమెరికాలో వెలువడిన పత్రం అదే రోజు కోల్‌కతా పరిశోధకుని కంప్యూటర్ తెరపైకి రావడానికి సాంకేతికంగా ఇక ఏ అడ్డంకీ లేదు. అయితే అందుకు మూల్యం చెల్లించేదెవరు, చెల్లింపు ఆగిననాడు పరిస్థితి ఏమిటి అన్న ప్రశ్నలు మాత్రం అలాగే మిగిలాయి. పరిశోధన పత్రికల కోసం కేంద్రం చేపట్టిన దేశవ్యాప్త చందా పథకం తొలి దశ గడువు 2027తో ముగియనున్నందున భారత్‌కు ఇవి కీలకమైన ప్రశ్నలు.

ఓడలో వచ్చిన విజ్ఞానం

ఒకప్పుడు దూరమే ప్రధాన సమస్య. కేంబ్రిడ్జిలో చదువు ముగించుకొని 1915లో స్వదేశానికి బయలుదేరిన ప్రశాంత చంద్ర మహలనోబిస్, ఇంగ్లండ్‌లో వెలువడే 'బయోమెట్రికా' పత్రిక సంపుటాలను వెంట తెచ్చుకొని ఓడ ప్రయాణంలోనే చదివారు. దేశంలో ఆధునిక గణాంకశాస్త్రానికి అది నాంది అయింది. ఆయన 1931లో కలకత్తాలో భారత గణాంక సంస్థ (ఐఎస్ఐ)ను నెలకొల్పారు. 1933లో 'సంఖ్య' పత్రికను ప్రారంభించారు. విదేశీ సంపుటాల కోసం ఎదురుచూసిన దేశం తన ఫలితాలను తానే ప్రపంచానికి ప్రకటించే స్థితికి చేరింది.

అయినా దూరం వల్ల కలిగే నష్టం పూర్తిగా తొలగలేదనడానికి సి.ఆర్.రావు ఉదంతమే తార్కాణం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం అభ్యసించి ఐఎస్ఐలో చేరిన ఈ తెలుగు శాస్త్రవేత్త ప్రసిద్ధ పత్రం 1945లో కలకత్తా గణిత సంఘం బులెటిన్‌లో అచ్చయింది. నమూనాల ఆధారంగా వేసే అంచనా ఏ మేరకు కచ్చితంగా ఉండగలదో నిర్ణయించే సూత్రం అందులోనిదే. అంతర్జాతీయంగా విస్తృత ప్రచారం లేని పత్రిక అది. అదే సూత్రాన్ని స్వీడన్ గణితజ్ఞుడు హెరాల్డ్ క్రామెర్ 1946లోను, మరో ఫలితాన్ని అమెరికాకు చెందిన డేవిడ్ బ్లాక్‌వెల్ 1947లోను స్వతంత్రంగా ప్రకటించారు. ఫలితాలకు జంటపేర్లు స్థిరపడ్డాయి. ఆ పత్రానికి గుర్తింపుగా రావుకు అంతర్జాతీయ గణాంక బహుమతి లభించింది 2023లో. అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశారు.

మూల్యం ఎవరిది?

నేటి పరిశోధకునికి ఆ ఇబ్బంది లేదు. భౌతికశాస్త్రవేత్త పాల్ గిన్స్‌పార్గ్ 1991లో ప్రారంభించిన 'ఆర్కైవ్'లో, పత్రికల ఆమోదం లభించకముందే పత్రాన్ని ప్రపంచం ముందుంచవచ్చు. నిపుణుల సమీక్ష పూర్తయి ప్రచురణ జరగడానికి ఏడాది పట్టడం మామూలైన ఈ రంగంలో ఇది పెద్ద వెసులుబాటు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో (లాస్ ఏంజెలిస్) యాన్ డి ల్యూ 1996లో ప్రారంభించిన 'జర్నల్ ఆఫ్ స్టాటిస్టికల్ సాఫ్ట్‌వేర్' మరో అడుగు ముందుకు వేసి, వ్యాసంతోపాటు కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను కూడా ప్రచురిస్తోంది. చదివేవారు లెక్కను స్వయంగా చేసి చూసుకోవచ్చు. పాఠకుని నుంచిగాని, రచయిత నుంచిగాని ఈ పత్రిక రుసుము తీసుకోదు.

కానీ అన్ని పత్రికలూ ఈ బాట పట్టలేదు. పెద్ద ప్రచురణ సంస్థలు గ్రంథాలయాల నుంచి చందా వసూలు చేస్తున్నాయి. లేదా పత్రం అందరికీ ఉచితంగా అందాలంటే రచయితే రుసుము చెల్లించాలంటున్నాయి. పలు పత్రికల్లో ఆ రుసుము వేల డాలర్లలో ఉంటోంది. రాసేవారు, ఉచితంగా సమీక్షించేవారు విశ్వవిద్యాలయాల వారే. వారి జీతాలలో అధికభాగం ప్రజాధనమే. అదే విజ్ఞానాన్ని మళ్లీ ప్రజాధనంతోనే కొనుక్కోవలసి రావడం ఇందులోని వైపరీత్యం.

భారతీయ పత్రికలు ఇందుకు అతీతం కావు. 'సంఖ్య' 2010 నుంచి స్ప్రింగర్ సంస్థతో కలిసి వెలువడుతోంది. దానివల్ల ప్రపంచవ్యాప్త పంపిణీ లభించిన మాట నిజమే. అయితే బెంగళూరులోని భారతీయ విజ్ఞానశాస్త్ర అకాడమీ అదే సంస్థతో ఒప్పందం చేసుకున్నా, తన పత్రికలను సొంత వెబ్‌సైట్లో ఉచితంగా చదివే అవకాశాన్ని నిలుపుకొంది. పంపిణీని అప్పగించినా హక్కును వదులుకోనక్కరలేదని ఈ అనుభవం చెబుతోంది.

గడువు తర్వాత?

కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన 'ఒకే దేశం-ఒకే చందా' పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుతాయి. రచయితల రుసుముల కోసం ఏటా 150 కోట్ల రూపాయల సహాయం కూడా ఉంది. జిల్లా కేంద్రంలోని ప్రభుత్వ కళాశాల అధ్యాపకునికి, పెద్ద నగరంలోని పరిశోధకునికి ఒకే గ్రంథాలయం లభించడం హర్షణీయమే. అయితే ప్రైవేటు కళాశాలలు తొలి దశలో చేరలేదు.

అసలు చిక్కు మరొకటి. అచ్చు సంపుటానికి ఒకసారి డబ్బు చెల్లిస్తే అది బీరువాలో శాశ్వతంగా ఉంటుంది. ఎలక్ట్రానిక్ చందా ఆగితే పాత సంచికలు అందుబాటులో ఉంటాయా లేదా అన్నది ఒప్పందంలోని షరతులపైనే ఆధారపడుతుంది. కనుక తదుపరి బేరసారాల్లో ధర తగ్గించడంతోపాటు, చెల్లించిన కాలానికి చెందిన సంచికలపై శాశ్వత హక్కును, ప్రజాధనంతో జరిగిన పరిశోధనల ప్రతులను దేశంలోనే ఉచితంగా భద్రపరిచే వెసులుబాటును ప్రభుత్వం పట్టుబట్టి సాధించుకోవాలి. లేనిపక్షంలో 1933లో సొంత పత్రికతో సంపాదించుకున్న స్వావలంబన, ఏటేటా పునరుద్ధరించుకోవలసిన అద్దె ఒప్పందంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది.