నూరు డాలర్ల మనిషి

విద్యార్థులకు సన్మానం చేసే సభలలో విజయగాథలు వినిపించే వక్తలకు ఒక అలవాటున్నది. పేదరికంలోనో వివక్షలోనో పుట్టిన ఒక మనిషిని ఎంచుకుంటారు. ఆయన కష్టపడ్డారంటారు, గెలిచారంటారు. కష్టానికీ గెలుపుకూ నడుమ నిలిచిన సమ్మెలను, కోర్టులను, చట్టాలను, అడ్డుపడిన అధికారులను నెమ్మదిగా పక్కకు తప్పిస్తారు. ఆపైన ముందు వరుసలోని పిల్లలకేసి వేలు చూపి, "పట్టుదల ఉంటే చాలు, ఆయన సాధించలేదా?" అని ప్రశ్నిస్తారు. అంటే సాధించలేకపోయిన ప్రతి పిల్లవాడిదీ పట్టుదల లోపమేనన్నమాట! అమెరికాలో ఫుట్‌బాల్ క్రీడాకారుడిగా పేరు గడించి, అనంతరం ఒక రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన అలన్ పేజ్ జీవితాన్ని చాలామంది ఇట్లాగే చెబుతారు. ఆ జీవితంలోని వాస్తవాలను వరుసగా పేర్చి చూస్తే అవి ఈ వక్తల పక్షాన సాక్ష్యం చెప్పవని మా వాదన.

ముందుగా ఆ ఆట గురించి రెండు మాటలు చెప్పాలి. అమెరికా ఫుట్‌బాల్ మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో విసురుతూ, చంకన పెట్టుకుని పరుగెత్తుతూ, ఎదుటి జట్టు గీత దాటించే ఆట అది. బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ ముందు అయిదుగురు భారీకాయులు గోడ కట్టినట్టు నిలబడతారు. ఆ గోడను చీల్చుకుని దూసుకుపోయి, అతడు బంతి విసిరేలోగానే నేలకు పడగొట్టడం ఎదుటి జట్టులోని డిఫెన్సివ్ లైన్ వారి పని. బంతి వీరి చేతికి చిక్కడం అరుదు. పాయింట్లు వీరి పేర చేరడమూ అరుదే. దెబ్బలు మాత్రం ప్రతి ఆటలోనూ తగులుతాయి. పేజ్ గారి చిటికెనవేలు ఒకటి ఆటలో పదేపదే కీలు తప్పి, చివరకు పక్కకు నిలువుకోణంలో వంగి అట్లాగే నిలిచిపోయింది.

పేజ్ 1945 ఆగస్టు 7న ఒహాయో రాష్ట్రంలోని కాంటన్ పట్టణంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. ఉక్కు మిల్లుల ఊరది. ఆ మిల్లులలో బతుకు వెళ్ళదీయడం కన్న న్యాయవాది కావడం మేలని చిన్ననాడే తలపోశానని ఆయన తరువాతి కాలంలో చెప్పుకున్నారు. తెల్లపిల్లలకు వేరుగా, నల్లపిల్లలకు వేరుగా బడులు నడపడం రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు 1954లో తీర్పు చెప్పినప్పుడు ఆయనకు ఇంకా తొమ్మిదేళ్ళు నిండలేదు. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం చదివి, 1967లో మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో చేరారు. 1971లో లీగ్ మొత్తానికీ అత్యంత విలువైన ఆటగాడిగా ఎంపికయ్యారు. ఆ గౌరవం రక్షణ పక్షపు ఆటగాడికి దక్కడం అదే మొదలు. ఆ తరువాత కూడా 1986లో మరొక్కరికి మాత్రమే దక్కింది. వైకింగ్స్ నాలుగుసార్లు సూపర్‌బౌల్ దాకా వెళ్ళి నాలుగుసార్లూ ఓడిపోయింది, అది వేరే సంగతి. 15 సీజన్లలో 218 ఆటలు జరిగితే ఆయన 218 ఆటలూ ఆడారు. సర్వీసు రిజిస్టర్లు చూసీ చూసీ కళ్ళు మసకబారిన మాకు ఈ హాజరు లెక్క ఎంత అపురూపమో తెలుసు.

అయితే ఆ రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉన్నది. క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడాన్ని 'సాక్' అంటారు. డిఫెన్సివ్ లైన్‌లోని వారికి అదే అసలు పని, అదే పనితనానికి కొలమానం. లీగ్ ఈ లెక్కను అధికారికంగా రాయడం 1982లో మొదలుపెట్టింది. పేజ్ ఆట విరమించింది 1981తో. చేసిన పనికి లెక్కే లేనప్పుడు ప్రతిభకు తగిన ఫలం దానంతటదే అందుతుందన్న మాట ఎట్లా నిలుస్తుంది?

ఇక ఆనాటి ఆటగాడి స్థితి చూడండి. ఒప్పందం గడువు ముగిసిన ఆటగాడు మరో జట్టుకు పోవచ్చునని కాగితం మీద ఉండేది. కానీ అట్లా పోతే, పాత జట్టుకు కొత్త జట్టు ఏ ఆటగాళ్ళను పరిహారంగా ఇవ్వాలో లీగ్ కమిషనర్ పీట్ రోజెల్ నిర్ణయిస్తారు. ఎవరిని పోగొట్టుకోవలసి వస్తుందో ముందుగా తెలియని బేరానికి ఏ యజమాని సిద్ధపడతాడు? కనుక తలుపు తెరిచే ఉన్నట్టు కనిపించేది, బయటికి పోయేవాడు మాత్రం ఉండేవాడు కాదు. పేజ్ తన జట్టు తరఫున ఆటగాళ్ళ యూనియన్ ప్రతినిధి. 1972 నుంచి 1975 వరకు ఆ యూనియన్ కార్యవర్గ సభ్యుడు కూడా. 1974 వేసవిలో ఆటగాళ్ళు సమ్మె కట్టారు. కొత్తవారు కొందరు, పాతవారు కొందరు శిబిరాలకు వెళ్ళిపోవడంతో ఆగస్టుకల్లా సమ్మె నీరుగారింది. నిబంధన మాత్రం నిలవలేదు. జాన్ మాకీ అనే ఆటగాడు, మరికొందరు కలిసి వేసిన దావాలో, ఆ నిబంధన గుత్తాధిపత్య నిరోధక చట్టానికి విరుద్ధమని 1975 చివర మినియాపొలిస్‌లోని ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. మరుసటి ఏడు పై కోర్టు కూడా ఆ తీర్పును సమర్థించింది. దేశంలోకెల్లా బలిష్ఠులైన మనుషులు తమ కండబలంతో తెంచుకోలేకపోయిన సంకెల అది. ఈ భాగం ఏ విజయగాథలోనూ వినబడదు.

ఆ ఏళ్ళలోనే పేజ్ ఆట ఆడుతూ మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1978లో పట్టా పుచ్చుకున్నారు. అంతకుముందు మరో లా కాలేజీలో చేరి కొద్ది వారాలకే మానుకున్న అనుభవమూ ఉన్నది. భార్య డయాన్ పొగతాగడం మానుకునేందుకు పరుగు మొదలుపెడితే ఆయనా తోడు పరుగెత్తి, దూరపు పరుగులకు అలవాటుపడ్డారు, బరువు తగ్గారు. 1978 అక్టోబరులో, సీజన్ నడుమ, వైకింగ్స్ జట్టు ఆయనను వదిలించుకున్నది. బరువు తగ్గి ఆ స్థానానికి పనికిరాకుండా పోయారన్నది చూపిన కారణం. షికాగో బేర్స్ జట్టు ఆయనను తీసుకున్నది. అందుకు చెల్లించిన రుసుం 100 డాలర్లు. ఏడేళ్ళ కిందట లీగ్‌లోకెల్లా విలువైనవాడని కీర్తించిన మనిషి ధర అది.

పనికిరాని ఆ మనిషి షికాగోలో మరో మూడున్నర సీజన్లు ఒక్క ఆట తప్పకుండా ఆడారు. ఆ రోజుల్లోనే, 1979లో, పూర్తి మారథాన్ పరుగెత్తారు. ఆట లేని నెలలలో మినియాపొలిస్‌లో న్యాయవాద వృత్తి మొదలుపెట్టారు. యూనియన్ పనీ, పుస్తకం చదువూ ఉన్న ఉద్యోగిని కార్యాలయం ఏ కళ్ళతో చూస్తుందో మేము పనిచేసిన కాలంలో చూశాము. అటువంటివాని మీద నోట్‌ఫైలులో ఎప్పుడూ వేరే కారణమే రాస్తారు.

1988లో ఆయన పేరు ఫుట్‌బాల్ కీర్తి మందిరంలో చేరింది. ఆ మందిరం కాంటన్‌లోనే ఉన్నది. విద్యార్థిగా ఉన్నప్పుడు ఆ భవన నిర్మాణంలో ఆయన కూలిపని చేశారు. ఆ వేడుకలో తనను పరిచయం చేసేందుకు ఆటగాళ్ళు సాధారణంగా తమ కోచ్‌ను పిలుస్తారు. పేజ్ మినియాపొలిస్‌లోని ఒక ఉన్నత పాఠశాల ప్రిన్సిపాల్‌గా ఉన్న నల్లజాతి మహిళను పిలిచారు. ప్రసంగంలో ఆట గురించి చెప్పింది తక్కువ. జట్టు వ్యూహాల పుస్తకాన్ని పైకి చదవమంటే చదవలేకపోయిన తోటి ఆటగాళ్ళ గురించి చెప్పారు. వారిలో కాలేజీలు దాటి వచ్చినవారున్నారు. మైదానంలో పనికివచ్చినంతకాలం అక్షరం వచ్చిందో లేదో అడగని బడులు, కాలేజీలు వారిని తరగతి తరువాత తరగతి పైకి నెట్టాయి. వారికి పట్టుదల లేదని ఎవరనగలరు? ఆ స్థాయికి చేరిన ఆటగాడి దగ్గర పట్టుదలకు కొదవ ఉంటుందా?

ఆ ఏడే భార్యాభర్తలిద్దరూ పేజ్ విద్యానిధిని స్థాపించారు. మిన్నెసోటాలోని నల్లజాతి తదితర మైనారిటీ విద్యార్థులకు అది ఉపకారవేతనాలిస్తుంది. ఒక షరతున్నది. వేతనం పుచ్చుకున్న విద్యార్థి తనకన్న చిన్న పిల్లలకు చదువులో తోడ్పడాలి. మన దాతృత్వ సంస్థలు శాలువాలకూ ఫోటోలకూ పెట్టే ఖర్చులో కొంత ఇటు మళ్ళించవచ్చునని మాకు తోస్తున్నది.

అన్నిటికన్న ముఖ్యమైన ఘట్టం 1992 నాటిది. మిన్నెసోటాలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులను ప్రజలు ఓటు వేసి ఎన్నుకోవాలన్నది నియమం. ఆచరణలో, గడువుకు ముందే ఒకరు తప్పుకోవడం, గవర్నర్ మరొకరిని నియమించడం సాగిపోతుండేది. ఆ ఏడు గడువు తీరనున్న ఒక న్యాయమూర్తి స్థానానికి పోటీ చేయాలని పేజ్ సంకల్పించారు. అప్పటికి ఆయన ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయంలో పనిచేస్తున్నారు. గవర్నర్ ఆర్నీ కార్ల్‌సన్ ఆ న్యాయమూర్తికి పదవీకాలం పొడిగించారు. పెన్షన్ అర్హత నిండేదాకా పొడిగించవచ్చునని ఒక చట్టం ఉన్నది. దానితో ఎన్నికే లేకుండా పోయింది. ఎక్స్‌టెన్షన్ అనే మాటకు ఉన్న మహిమ ఉద్యోగం చేసినవారికి విడమరిచి చెప్పనక్కరలేదు. కింద వేచి ఉన్నవానికి ఎవరూ కాదనలేదు, అవునననూ లేదు. ఖాళీ లేదు, అంతే.

పేజ్ గవర్నర్ మీద దావా వేశారు. సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తమ తోటివాని వ్యవహారం కనుక తప్పుకోగా, ఆ ఒక్క కేసు వినడానికి ప్రత్యేకంగా వేరే న్యాయమూర్తులను కూర్చోబెట్టారు. ఎన్నిక జరపాల్సిందేనని వారు తీర్పు చెప్పారు. ఎన్నిక జరిగింది, పేజ్ గెలిచారు. 1993 జనవరిలో ఆ న్యాయస్థానంలో కూర్చున్న మొట్టమొదటి నల్లజాతి న్యాయమూర్తి అయ్యారు. రాష్ట్రం ఏర్పడింది 1858లో. నూట ముప్పై నాలుగేళ్ళపాటు ఆ రాష్ట్రంలోని నల్లజాతివారిలో పట్టుదల గలవాడు ఒక్కడూ పుట్టలేదా? పుట్టినవారికి దారి లేదు. ఈయన కూడా దారి కోసం గవర్నర్‌ను కోర్టుకు ఈడ్వవలసి వచ్చింది. ఈ దావాను వదిలేసి ఆయన జీవితం చెప్పేవారు సగం చెబుతున్నారని మేము అనము. తలకిందులుగా చెబుతున్నారు.

ఆ తరువాత 1998, 2004, 2010లలో ప్రజలు ఆయనను మళ్ళీ ఎన్నుకున్నారు. 70 ఏళ్ళకు తప్పనిసరి విరమణ నియమం వల్ల 2015లో దిగిపోయారు.

ఆయన పదవి చేపట్టిన మరుసటి నెలలోనే, 1993 ఫిబ్రవరి 4న, మన సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం కేసులో తీర్పు చెప్పింది. ప్రైవేటు కాలేజీల క్యాపిటేషన్ ఫీజుల గొడవతో మొదలైన ఆ కేసులో, 14 ఏళ్ళలోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని న్యాయస్థానం ప్రకటించింది. తరువాత 2002లో రాజ్యాంగ సవరణతో 21ఎ అధికరణం వచ్చింది. అమలు ఏ పాటిదో మనకు తెలుసు. అయినా అడగడానికి ఒక అధికరణం ఉన్నది. అమెరికా రాజ్యాంగంలో అదీ లేదు. చదువు ఆ రాజ్యాంగం కింద ప్రాథమిక హక్కు కాదని అక్కడి సుప్రీంకోర్టు 1973లో, టెక్సాస్‌కు చెందిన కేసులో, అయిదుగురు ఒకవైపు నలుగురు ఒకవైపుగా తేల్చింది.

పదవి దిగిన పేజ్ ఇంటిపట్టున కూర్చోలేదు. 2018 నవంబరులో దేశాధ్యక్షుడి చేతిమీదుగా ప్రెసిడెన్షియల్ మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ అందుకున్నారు. పట్టుదల వక్తలు తమ గాథను ఇక్కడ ముగిస్తారు. అంతకు ముందటి ఏడు జరిగినది వారు చెప్పరు. మినియాపొలిస్‌లో అలెగ్జాండర్ రామ్సే పేరిట ఒక మాధ్యమిక పాఠశాల ఉండేది. డకోటా ఆదివాసులను తుదముట్టించాలి లేదా రాష్ట్రం నుంచి తరిమివేయాలి అని 1862లో శాసనసభలో పలికిన గవర్నర్ ఆ రామ్సే. ఆ ఏడే డిసెంబరు 26న మాంకేటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. ఆ పేరు వద్దని బడిపిల్లలే పట్టుబట్టగా, 2017లో ఆ బడికి జస్టిస్ పేజ్ పేరు పెట్టారు.

2020 జనవరిలో, మినియాపొలిస్ ఫెడరల్ రిజర్వు బ్యాంకు అధ్యక్షుడు, భారత సంతతికి చెందిన నీల్ కష్కరీతో కలిసి, పేజ్ ఒక ప్రతిపాదన తెచ్చారు. నాణ్యమైన ప్రభుత్వ విద్య ప్రతి బిడ్డకూ ప్రాథమిక హక్కు అని మిన్నెసోటా రాజ్యాంగంలో రాయాలన్నది దాని సారాంశం. మూడు దశాబ్దాలు ఉపకారవేతనాలిచ్చిన మనిషి, ఉపకారం వేరు, హక్కు వేరు అని తేల్చుకున్న ఫలితమిది. తెల్లపిల్లల చదువుకూ ఇతరుల చదువుకూ నడుమ ఆ రాష్ట్రంలో ఉన్న అంతరం విద్యానిధులతో పూడలేదు. ఉపాధ్యాయుల యూనియన్ ఈ ప్రతిపాదనను వ్యతిరేకించింది. ఇప్పుడున్న రాజ్యాంగ వాక్యాన్ని తొలగిస్తే, ప్రభుత్వ సొమ్ము ప్రైవేటు బడులకు మళ్ళే దారి తెరుచుకుంటుందని వారి భయం. ఆ భయాన్ని మేము తేలికగా కొట్టిపారేయము, ఫీజుల వ్యాపారం ఎరిగినవాళ్ళం. అయినా ఈ తగవులో మా మాట పేజ్ గారి వైపే. ప్రజల ఓటుకు రావాలంటే ముందు ఆ రాష్ట్ర శాసనసభ దానిని ఆమోదించాలి. ప్రకటించి కొన్నేళ్ళయినా ఆ ఆమోదం రాలేదు.